వొయ్‌చెఖ్ గారు దొరికారు

“ఆగమ్మా, ఒక పేజీ వెనక్కి వెళ్ళు” అన్నారు అత్తగారు, స్క్రీన్ మీద వేలు పెట్టి.

ల్వీవ్ దగ్గరి పల్లెలో 1887 నాటి చర్చి జనన రిజిస్టరు. స్కాన్‌లు వార్సా ఆర్కైవ్స్‌వి. ఆవిడ తాతగారు వొయ్‌చెఖ్ కోసం మూడు వారాలుగా వెతుకుతున్నాం. రాసిందంతా లాటిన్ కదా, అందులో వొయ్‌చెఖ్ అంటే అడాల్బెర్టస్! ఆ పేరుని ఎన్నిసార్లు దాటేసి వెళ్ళిపోయామో.

పక్కనే ఇంటి నంబరు, 47. అప్పుడా పల్లె ఉన్నది ఆస్ట్రియాలో. తర్వాత పోలండ్, సోవియట్ యూనియన్, ఇప్పుడు ఉక్రెయిన్.

అత్తగారు ఆ నంబరు చీటీ మీద రాసుకుని, మడిచి పర్సులో పెట్టుకున్నారు.

మా అమ్మమ్మ పుట్టినరోజు ఎక్కడా రాసి లేదు. “పెద్ద తుఫాను వచ్చిన ఏడు” అనేది. ఏ తుఫానో రాత్రికి అమ్మని అడగాలి.