ఎనిమిది రేకుల మంచుపువ్వు

పదకొండున్నరయింది. అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టనిది బయట మంచుతుఫాను గాలి హోరుకి కాదు, హాల్లో కిటికీ అద్దానికి అంటించి ఉన్న కాగితం పువ్వుకి. దానికి ఎనిమిది రేకులు.

మధ్యాహ్నం చిన్నది కత్తిరించి తెచ్చి చూపించింది. నా నోరు ఊరుకుంటుందా? "మంచుపువ్వుకి, అదే స్నోఫ్లేక్‌కి, ఆరే ఉంటాయి, ఎనిమిదుండవు" అనేశాను. అది మారు మాట్లాడకుండా కుర్చీ ఎక్కి అంటించేసి పోయింది. ఇక రాత్రి దాకా నాతో పలుకు లేదు. "దొరక్క దొరక్క సెలవు దొరికితే పిల్లదానికి పరీక్ష పెట్టావేంటమ్మాయ్" అని అత్తయ్య. ఈయన సంగతి తెలిసిందేగా, పుస్తకంలోంచి తలెత్తితే ఒట్టు.

నేనన్నదాంట్లో తప్పేముందని! నీళ్లు గడ్డకట్టేటప్పుడు అణువులు తేనెపట్టు గూళ్లలా ఆరు మూలలుగా సర్దుకుంటాయి. పువ్వు ఎంత పెరిగినా ఆ లెక్కనే పెరుగుతుంది. రెండు మంచు పలకలు అతుక్కుని పెరిగితే పన్నెండు రేకులు కూడా రావచ్చు, అది అరుదు. ఎనిమిది మాత్రం లేదు. అసలు తేడా కాగితం మడతలో వస్తుంది. చదరపు కాగితాన్ని అందరూ సగానికి, మళ్లీ సగానికి, ఆపైన ఐమూలగా మడుస్తారు. దాన్ని విప్పితే నాలుగో ఎనిమిదో తప్ప ఆరు రమ్మన్నా రాదు. ఆరు కావాలంటే మొదటి మడతే ఐమూలగా వేసి త్రికోణం చేసుకోవాలి. పొడుగు అంచు మధ్యలో చిన్న గుర్తు పెట్టి, అక్కడి నుంచి కుడి రెక్కని, దాని మీదికి ఎడమ రెక్కని మడవాలి. మూడు భాగాలూ సమానంగా, అంటే ఒక్కోటి 60 డిగ్రీలు రావాలి. అంచులు అంచులతో కలవకపోతే అక్కడే విప్పి సరిచేసుకోవాలి. తర్వాత ఇంకో సగం మడత వేసి, పైన మిగిలిన తోకలు కత్తిరించెయ్యాలి. అప్పటికి పన్నెండు పొరలవుతాయి. మందపు కాగితమైతే కత్తెర జారి పువ్వు మధ్యలో చిరుగుతుంది, పల్చటిదే తీసుకోవాలి.

ఇదంతా ప్రేమగా చెప్పొచ్చుగా అంటారు. చెప్పొచ్చు. అప్పుడు నేనే చిరాకులో ఉన్నాను. మంచుతుఫాను రోజంటే ఈ ఇంట్లో అందరికీ దుప్పట్లూ పేకముక్కలూను. నిజమే, బావుంటుంది. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు, గడియారం వైపు చూసే పనిలేదు. కొత్త మంచు శబ్దాన్ని పీల్చేసుకుంటుంది కాబట్టి వీధి వీధంతా దూది కప్పుకున్నట్టు ఉంటుంది. కానీ ఆ తీరిక దానంతటదే రాదు కదా. నాలుగైదు అంగుళాలు పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు బయటికెళ్లి తొయ్యాలి. "ఆగాక ఒకేసారి తీద్దాంలే" అంటారీయన. పది మీటర్ల పొడుగు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న డ్రైవ్‌వే, అంటే ఇంటి ముందు కారు దారి, మీద అడుగు మందాన పొడి మంచే పడ్డా దాదాపు టన్ను బరువు. తడి మంచయితే దానికి రెండు మూడింతలు. అంత బరువూ ఒకేసారి ఎత్తితే నడుముకి, అంతకన్నా ముందు గుండెకి దెబ్బ. కొంచెం కొంచెంగా, ఎత్తకుండా పారతో తోసుకుంటూ పోవాలి. మంచు అంటుకోకుండా పారకి ముందే కొవ్వొత్తి రుద్దుకుంటే పని తేలికవుతుంది. ఆఖర్న ప్లౌ బండి వచ్చి రోడ్డు మీది మంచంతా మన గుమ్మంలోకే నెట్టి పోతుంది, అది వేరే ఏడుపు.

పోయిన చలికాలం ఏమైందో చెప్తాను. ఇదే గాలి, ఇదే "తర్వాత చూద్దాంలే". తెల్లవారుజామున ఇల్లు చల్లబడింది. నేను థర్మోస్టాట్ పెంచుతూ కూర్చున్నాను. పెంచితే ఏమొస్తుంది? పక్క గోడకి రెండు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలుంటాయి చూడండి, ఒకటి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసుకి గాలి పీల్చేది, ఇంకొకటి పొగ వదిలేది. గాలికి మంచంతా ఆ గోడ వారకే చేరి రెండూ పూడుకుపోయాయి. గాలి ఆడకపోతే లోపలి ప్రెషర్ స్విచ్ మంట అంటుకోనివ్వదు. అందుకు దానికి దణ్ణం పెట్టాలి, పొగ వెనక్కి తన్నితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఫర్నేసు డబ్బాలో ఎర్ర దీపం కొన్నిసార్లు మిణుకుమని, ఆగి, మళ్లీ మిణుకుమంటోంది. ఎన్నిసార్లకి ఏం అర్థమో తలుపు లోపలివైపు చీటీ మీద రాసే ఉంది, ఎవరం చదవం. స్విచ్ ఆపి, బయటికెళ్లి, గొట్టాల చుట్టూ మూడడుగుల మేర మంచు తీశాం. గొట్టం దగ్గర మాత్రం చేత్తోనే, చలికి పెళుసెక్కిన ప్లాస్టిక్ పార తగిలితే పగులుతుంది. అర నిమిషం ఆగి స్విచ్ వేస్తే అంటుకుంది. అప్పటి నుంచీ నాకు మంచుతుఫానంటే ఆ గోడే.

సాయంత్రం ఆరింటికి అక్కడికే వెళ్లాను. ఊరికే వెళ్లలేదు, చిన్నదానికి రుజువు చూపిద్దామని నల్లగుడ్డ ముక్కొకటి పది నిమిషాలు ముందే వరండాలో చల్లబెట్టాను. వెచ్చటి గుడ్డయితే పడ్డవి పడ్డట్టే కరిగిపోతాయి. ఊపిరి బిగబట్టి, భూతద్దం పెట్టి చూశాను. విరిగిన కొమ్మలు, సూదుల్లాంటి పుల్లలు, తెల్లటి గుండ్రటి రవ్వలు. ఐదుసార్లు పట్టినా ఆరు రేకులున్నది ఒక్కటీ లేదు! ఈ గాలిలో ఒకదానికొకటి కొట్టుకుని ముక్కలైపోతాయి మరి. అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే ఆయన 1885లో మొదలుపెట్టి ఐదు వేలకు పైగా మంచుపువ్వుల్ని ఫొటోలు తీశాడు, మనం పుస్తకాల్లో చూసే ఆరు రేకుల అందమంతా అలాంటి ఏరిన బొమ్మలది. ఆకాశం నుంచి పడేదాంట్లో ఎక్కువ భాగం వంకరటింకరే.

అయినా ఎనిమిది తప్పే. కానీ ఆ గుడ్డ దులిపేసి లోపలికొచ్చాక దానికి చెప్పడానికి నోరు రాలేదు.

ఇందాక ఒక కాగితం మడిచి బల్ల మీద పెట్టాను, పన్నెండు పొరలూ కుదిరాయి. కత్తిరించలేదు. పక్కన పెద్ద కత్తెర పెట్టాను, పిల్లల కత్తెరకి ఇది లొంగదు. అద్దం మీది ఎనిమిది రేకుల్ని ఎవరూ ముట్టుకోలేదు, చెమ్మకి ఒక మూల ఊడి వేలాడుతోంది.

ఫర్నేసు ఆగింది. మళ్లీ అంటుకుంటుందా లేదా అని చెవులు రిక్కించి కూర్చున్నాను... ఆ, అంటుకుంది. ఒక్కసారి టార్చి తీసుకుని ఆ గోడ చూసొచ్చి పడుకుంటాను.