మామ కాళ్లకు తెలిసిన దావ

మంగళవారం. ఆఫీసుకు సెలవు పెట్టి మామను తలకోనకు తీసుకెళ్లాను. అమ్మకు తమ్ముడు, భాకరాపేటలో ఉంటాడు, డెబ్బై దాటాయి. "ఒక్కసారి పిల్చకపోరా, మళ్లీ మోకాళ్లు ఒప్పుకుంటాయో లేదో" అని దీపావళి నుంచీ ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట.

తిరుపతిలో ఆరింటికి బండి తీశాను. రంగంపేట దాటి ఘాట్ ఎక్కేసరికి చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. మామ అప్పటికే మఫ్లర్ చుట్టుకుని, పులిహోర డబ్బాతో వీధిలో నిలబడి ఉన్నాడు.

నాకు కొండ నడక అంటే అలిపిరి. 3,550 మెట్లు, మోకాళ్ల పర్వతం ఎప్పుడొస్తుందా అన్న ఎదురుచూపు, అంతే. ఇదీ అదే శేషాచలమే కానీ, ఇక్కడ మెట్లు లెక్కపెట్టుకునే పని లేదు. ఆదిశేషుడి తల తిరుమలలో ఉందంటారు కదా, మరి ఇక్కడ తలకోన ఏంటి మామా అన్నాను. "పామునే అడుగు" అన్నాడు.

సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని జలపాతం వైపు నడిచాం. ఈశాన్య వానలు ఈసారి బాగా పడ్డాయి, 270 అడుగుల పైనుంచి నీళ్లు దూకుతుంటే దగ్గర నిలబడి మాట్లాడుకోలేకపోయాం. ఫొటోలు తీసుకున్నాను. మామ మాత్రం జలపాతాన్ని చూసింది రెండు నిమిషాలే. ఆయన చూపంతా పక్కనున్న పొదల మీదే.

"ఈడ్నే ఉండాల దావ" అన్నాడు.

చిన్నప్పుడు వాళ్ల పశువులను తోలుకుని ఇక్కడికే వచ్చేవారట. గట్టు మీదికి పోయే దావ ఒకటి, వంక దాటే దావ ఒకటి, వెదురు పొదల్లో నుంచి పిల్లలు మాత్రమే దూరే దొంగదావ ఇంకొకటి. 1989లో ఇదంతా శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు అయింది. పశువులు రావడం మానేశాయి. పశువులు తొక్కని దావ ఎన్నాళ్లుంటుంది? ముళ్లకంప, గిల్లతీగ, వెదురు అంతా కమ్మేశాయి. అడవికి మంచిదే, మామ కూడా ఆ మాటే అన్నాడు. అన్నాడు కానీ, పది నిమిషాల పాటు అక్కడి నుంచి కదల్లేదు.

లోపలికి అడుగు పెట్టనివ్వలేదు నేను. ఎర్రచందనం అడవి, మనం ఏదో వెతుకుతున్నట్టు కనిపిస్తే గార్డుకు ఏం చెప్పాలి? మామ నవ్వాడు. పక్కనే ఒక ఎర్రచందనం మాను ఉంది, బెరడు మొసలి వీపులా పగిలి, చూడ్డానికి ఏమంత అందంగా లేదు. వాళ్లమ్మ ఆ చెక్కనే సానరాయి మీద అరగదీసి వాపులకు పట్టు వేసేదట. "దీనికోసరం మనుషులు జైలుకు పోతారని అప్పుడు చెప్పింటే నగుదుము" అన్నాడు.

తర్వాత, లోపలికి పోకుండానే, నిలబడిన చోటి నుంచే దావ చెప్పడం మొదలుపెట్టాడు. బండరాయి, దాని ఎడమకు నీళ్ల గుంట, అక్కడ ఎద్దులు ఆగుతాయి. ఆ పైన మలుపు, మలుపులో తాండ్రచెట్టు. చెబుతున్నంతసేపూ కుడికాలు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంది, ఎక్కుతున్నట్టు. నేను ఫోన్‌లో టైప్ చేసుకున్నాను. ఎందుకో తెలీదు, ఆ దావన నేనెలాగూ పోను.

ఈలోగా కోతులు పులిహోర డబ్బా ఎత్తుకుపోయాయి. తిరుగుదారిలో నెరబైలులో ఇడ్లీ తిన్నాం, చట్నీ నీళ్లలా ఉంది.

రాత్రి తొమ్మిదిన్నరకు ఇది రాస్తుంటే మామ ఫోన్.

"మలుపు కాడ తాండ్రచెట్టు అంటినే, కాదురా. జాలారి. తాండ్ర ఇంకా పైన. రాసుకుంటివా?"

రాసుకున్నాను మామా.