జట్ల సగటు పరుగులు, అనోవా పరీక్ష
తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ మైదానంలో నాలుగు కళాశాలల జట్లు ఆడినప్పుడు, బ్యాటర్ల సగటు పరుగులు ఎక్కువున్న జట్టే మెరుగైనదని తీర్మానించడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కూడా కావచ్చు. అది తేల్చడానికి జట్లను రెండేసి చొప్పున పోలిస్తే ఆరు పరీక్షలు చేయాలి. ఒక్కొక్కదానిలో 5 శాతం పొరపాటుకే తావిచ్చినా, లేని తేడా ఎక్కడో ఒకచోట ఉన్నట్టు కనిపించే అవకాశం అంతకంటే బాగా పెరుగుతుంది. గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ రూపొందించిన విస్తృతి విశ్లేషణ, అంటే అనోవా, జట్ల సగటుల మధ్యనున్న విస్తృతిని (అంకెలు ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను) ఒక్కో జట్టు లోపలి స్కోర్లలో సహజంగా ఉండే విస్తృతితో భాగించి, ఎఫ్ అనే ఒకే నిష్పత్తితో జట్ల మధ్య నిజంగా తేడా ఉందా అన్న ప్రశ్నను పరిశీలిస్తుంది. ఏ జట్టు వేరో ఎఫ్ చెప్పదు. అందుకు, మొత్తం పొరపాటు అవకాశాన్ని అదుపులో ఉంచుతూ జట్లను జంటలుగా పోల్చే ట్యూకీ పరీక్ష లాంటిది కావాలి. క్రికెట్‌లో మరో చిక్కుంది: డకౌట్లు, అరుదైన సెంచరీలు కలిసిన వ్యక్తిగత స్కోర్లు సామాన్య విభాజనానికి (సగటుకు రెండు వైపులా సమానంగా పరుచుకునే గంట ఆకారానికి) లొంగవు కనుక, ఇన్నింగ్సులు కొద్దిగా ఉన్నప్పుడు నేను స్కోర్లకు బదులు వాటి ర్యాంకులను పోల్చే క్రుస్కల్-వాలిస్ పరీక్ష వైపే మొగ్గుతాను.