దానంతటదే రీస్టార్ట్ అయ్యే డెస్క్‌టాప్: గల్ఫ్‌లో సర్వీస్ పని చేసేవాళ్లకు

దుబాయ్, షార్జా, కువైట్, దోహాల్లో కంప్యూటర్ దుకాణాల తరఫున సర్వీస్‌కు తిరిగే మనవాళ్లకు ఎండలు ముదిరాక ఎక్కువగా వచ్చే కాల్ ఒకటే. డెస్క్‌టాప్ నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, మళ్లీ దానంతటదే వస్తుంది. అది బఖాలాలో (కిరాణా కొట్టులో) బిల్లులు కొట్టే సిస్టమ్ కావచ్చు, టైపింగ్ సెంటర్‌లో వీసా ఫారాలు నింపేది కావచ్చు, గ్యారేజీ ఆఫీసులో అకౌంట్లు రాసే పాతది కావచ్చు. కొత్తగా వచ్చిన కుర్రాడు వెళ్లగానే పెన్‌డ్రైవ్ తీసి విండోస్ ఫార్మాట్ కొడతాడు. డ్రైవర్లు (పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములు), ప్రింటర్, అరబిక్ కీబోర్డు, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ అన్నీ మళ్లీ ఎక్కించేసరికి సగం రోజు పోతుంది. సాయంత్రానికి అదే దుకాణం నుంచి మళ్లీ ఫోన్ వస్తుంది. ఈ జబ్బుకు మూలం ఇక్కడ చాలాసార్లు కరెంటులోనో, వేడిలోనో, దుమ్ములోనో ఉంటుంది. వాటిని చూడకుండా ఫార్మాట్ జోలికి వెళ్లకూడదు.

స్క్రూడ్రైవర్ తీసేముందు అడగాల్సినవి అడగాలి. పూర్తిగా ఆగిపోయి బటన్ నొక్కితేనే వస్తోందా, లేక ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ మొదలవుతోందా? విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలం తెర కనిపించిందా? ఏ సమయంలో జరుగుతోంది? ప్రింట్ కొట్టినప్పుడా, ఏసీ కంప్రెసర్ అందుకున్నప్పుడా, పొద్దున దుకాణం తెరవగానేనా, రెండు గంటలు నడిచాకా? ఈ ప్రశ్నలు అర్బాబ్‌ను (యజమానిని) కాదు, ఆ కుర్చీలో రోజంతా కూర్చునే మనిషిని అడగాలి. అర్బాబ్ ‘ఖరాబ్ అయింది, బాగుచెయ్’ అని వదిలేస్తాడు. కీబోర్డు దగ్గర కూర్చునే మలయాళీ అమ్మాయో, పాకిస్తానీ గుమాస్తానో మాత్రం ‘ప్రింటర్ గుర్రుమన్నప్పుడల్లా పోతోంది’ అని కచ్చితంగా చెబుతారు. సగం పని ఆ మాటతోనే అయిపోతుంది.

తర్వాత యంత్రాన్నే అడగాలి. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లోకి వెళ్లాలి. ఆగిన సమయానికి 1074 నంబరు ఉంటే ఎవరో మనిషి గానీ, అప్‌డేట్ లాంటి ప్రోగ్రామ్ గానీ పద్ధతిగా రీస్టార్ట్ చేయించినట్టు. ఏ ప్రోగ్రామ్ చేసిందో పేరు అక్కడే రాసి ఉంటుంది. కెర్నల్-పవర్ 41 కనిపిస్తే సరిగా మూతపడకుండానే ఆగిందని మాత్రమే అర్థం. దాన్ని చూసి ‘పవర్ సప్లై పోయింది’ అని తేల్చేయకూడదు. అందులోని డీటెయిల్స్ విప్పి బగ్‌చెక్‌కోడ్ దగ్గర ఏముందో చూడాలి. సున్నా ఉంటే విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి దొరకలేదు: కరెంటు తెగింది, లేదా బోర్డు రీసెట్ అయింది, లేదా యంత్రం బిగుసుకుపోతే ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారు. సున్నా కాకపోతే నీలం తెర వచ్చిందన్నమాట. అక్కడ ఆ కోడు మామూలు పదుల లెక్కలో (డెసిమల్) ఉంటుంది. 292 అయితే ప్రాసెసరో, బోర్డో, వాటికి అందే కరెంటో మొరాయించినట్టు. 26 అయితే ముందు ర్యామ్‌ను అనుమానించాలి. 10, 209 ఎక్కువగా డ్రైవర్లవైపు చూపిస్తాయి. 239 వస్తే డిస్కు ఆరోగ్యం కూడా చూడాలి. నీలం తెర కంటికి అందకుండా మాయమవుతుంటే, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ ముందున్న టిక్ తీసేయాలి. మళ్లీ వచ్చినప్పుడు తెర నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసి పంపమని వాళ్లకు చెప్పవచ్చు.

బగ్‌చెక్‌కోడ్ సున్నా అయితే గోడ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఎమిరేట్స్, ఖతర్, కువైట్‌లలో గోడకు ఉండేది బ్రిటిష్ పద్ధతి చదరపు మూడు పిన్నుల సాకెట్. ప్లగ్గు లోపలే ఫ్యూజు ఉంటుంది, ఎర్త్ పిన్ను పొడవుగా ఉంటుంది. తిప్పలు వచ్చేది దానికి తగిలించే చవక ఎక్స్‌టెన్షన్‌తో. అన్ని దేశాల పిన్నులూ పట్టేలా చేసిన ఆ రంధ్రాల్లో ఏ పిన్నూ గట్టిగా నిలవదు. ఎర్త్ పేరుకే ఉంటుంది. ప్లగ్గును వేలితో కొద్దిగా కదిపితే యంత్రం రీస్టార్ట్ అయిందంటే ఇంకేమీ వెతకక్కర్లేదు, ఎక్స్‌టెన్షన్ మార్చాలి. ప్లగ్గు వేడెక్కి ఉన్నా, పిన్ను నల్లబడినా అంతే. పవర్ సప్లై వెనుక గుచ్చే కార్డు కూడా వదులవుతుంది. కౌంటర్ కింద కాళ్లు తగిలే చోట డబ్బా ఉంటే దీన్ని తప్పక చూడాలి.

టైపింగ్ సెంటర్లలో మామూలుగా కనిపించే దోషం ఇంకొకటి ఉంది. లేజర్ ప్రింటర్, కంప్యూటర్ ఒకే ఎక్స్‌టెన్షన్ మీద ఉంటాయి. ప్రింటర్ లోపల టోనర్‌ను కాగితానికి కాల్చి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. ఆ క్షణంలో పల్చటి వైరులో వోల్టేజి కుంగుతుంది, ముసలి పవర్ సప్లై తట్టుకోలేదు. ప్రింటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు మార్చితే చాలు. యూపీఎస్‌లో బ్యాటరీ కరెంటు వచ్చే సాకెట్లకు అయితే లేజర్ ప్రింటర్ పెట్టనే కూడదు. యూపీఎస్ ఉంది కదా అని ధీమా కూడా వద్దు. లోపలి 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఈ వేడికి తొందరగా చచ్చిపోతుంది. పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది గానీ, కరెంటు రెప్పపాటు పోయినా కంప్యూటర్ పడిపోతుంది. కంప్యూటర్ బదులు ఒక టేబుల్ ల్యాంప్ తగిలించి, యూపీఎస్ ప్లగ్గు పీకి చూస్తే నిజం తెలుస్తుంది. బ్యాటరీ బాగున్నా, కొన్ని చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీదికి మారినప్పుడు మెట్లుమెట్లుగా ఉండే కరెంటు ఇస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్న పవర్ సప్లైల్లో కొన్నింటికి అది సరిపడదు. అక్కడ గోడ కరెంటులాగే నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ కావాలి.

బయట అంతా సరిగా ఉంటే అప్పుడు పవర్ సప్లై. దాని నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్ల కనెక్టర్ వెనుక నుంచి మల్టీమీటర్ నల్ల ప్రోబ్ నల్ల వైరుకు, ఎర్రది పసుపు వైరుకు పెడితే 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. ఎర్ర వైరు మీద 4.75 నుంచి 5.25, నారింజ రంగు మీద 3.14 నుంచి 3.47. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు కొలవకూడదు, ప్రాసెసర్‌ను పూర్తి పనిలో పెట్టి చూడాలి. ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపి ఫ్యాను తిరిగిందా అని చూసే పరీక్ష దీనికి పనికిరాదు. పని భారం (లోడ్) లేకుండా ఫ్యాను తిప్పడం పాడైన సప్లై కూడా చేస్తుంది. మల్టీమీటర్‌కూ ఒక పరిమితి ఉంది: సెకనులో చిన్న భాగంపాటు కుంగిన వోల్టేజిని అది చూపదు. మంచిదని తెలిసిన 500 వాట్ల పవర్ సప్లై బ్యాగులో ఒకటి ఉంచుకుని, దాన్ని తగిలించి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. అయితే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్ లాంటి ఆఫీసు బాక్సుల్లో చాలావాటికి మామూలు 24 పిన్ల కనెక్టర్ ఉండదు, కంపెనీ సొంతది ఉంటుంది. వెళ్లేముందే మోడల్ నంబరు ఫోన్‌లో అడిగి తెలుసుకుంటే ఎండలో రెండోసారి తిరగక్కర్లేదు. డెల్‌వి చాలావాటికి సప్లై వెనుకే చిన్న టెస్ట్ బటన్, లైటు ఉంటాయి, ముందు అది నొక్కి చూడాలి.

పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు దాటి నిలవ ఉండొచ్చు. పాడైతే మార్చడమే. కొత్తది కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాల వాట్ల సంఖ్య కాదు, 12 వోల్టుల లైను ఎంత ఇస్తుందో, అది ఎంత ఉష్ణోగ్రత దగ్గర లెక్కకట్టారో చూడాలి. 25 డిగ్రీల దగ్గర చెప్పిన సంఖ్య మూసిన కౌంటర్ కింద నిలవదు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే 6 పిన్ల కనెక్టర్‌కు 75 వాట్లు, 8 పిన్లకు 150 వాట్లు లెక్క. రెండు కనెక్టర్లకూ విడి కేబుళ్లు ఇవ్వాలి.

ఇక వేడి. చాలా దుకాణాల్లో రాత్రి మూసేటప్పుడు ఏసీ ఆపేస్తారు, సిస్టమ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. 2022 నుంచి ఎమిరేట్స్‌లో ప్రభుత్వ వారాంతం శనాదివారాలకు మారింది కాబట్టి, అదే పాటించే ఆఫీసుల్లో శుక్రవారం మధ్యాహ్నం ఆగిన ఏసీ సోమవారం దాకా ఆగే ఉంటుంది. మూసిన గదిలో, చెక్క అరలో ఉన్న డబ్బాకు ఊపిరి ఆడదు. ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్ల (బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే భాగాల) ఆయుష్షు వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ దాదాపు సగమవుతుంది. సోమవారం పొద్దున వచ్చే కాల్స్‌కు కారణం ఇదే. మూత తీసి మదర్‌బోర్డు మీద, ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయో లేదో చూడాలి. తల ఉబ్బినా, గోధుమరంగు మరక కారినా ఆ బోర్డు పని అయిపోవచ్చింది.

ప్రాసెసర్ వేడికి ఒక తేడా గుర్తుంచుకోవాలి. నేటి ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ముందు వేగం తగ్గించుకుంటాయి. ఇంకా వేడెక్కితే యంత్రం ఆగిపోతుంది, సాధారణంగా దానంతటదే మళ్లీ మొదలవదు. కాబట్టి నిదానించి నిదానించి ఆగిపోతే ప్రాసెసర్ మీద ఉండే కూలర్‌ను, ఏ హెచ్చరికా లేకుండా తిరిగి మొదలైతే కరెంటును ముందు అనుమానించాలి. ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, వాటిలో ఒకటి లేచి ఉండటం చాలా మామూలు. కూలర్ తీస్తే దానికీ ప్రాసెసర్‌కూ మధ్య వేడిని దాటించే పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి. ఏఎండీ పాత సాకెట్లలో కూలర్‌ను చల్లగా ఉన్నప్పుడు నేరుగా పీకితే ప్రాసెసర్ దానికే అంటుకుని వచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు నడిపి వెచ్చబడ్డాక ఆపి, ప్లగ్గు తీసి, కొద్దిగా మెలితిప్పి లేపాలి.

దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో పట్టుకోవాలి, బ్లోయర్ గాలికి అతివేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఇక్కడి గాలిదుమారాల ఇసుక పిండిలా సన్నగా ఉంటుంది. సముద్రపు తేమ తోడైతే రెక్కలకు పూతలా అంటుకుంటుంది, హోటళ్లలో దానికి నూనె ఆవిరి కలుస్తుంది. అప్పుడు గాలితో పోదు, బ్రష్‌తో గీకాలి. ఆగస్టు తేమలో ఇంకో జాగ్రత్త అవసరం. ఏసీ గదిలో చల్లబడిన డబ్బాను బయటికి తెస్తే లోపల నీటి చెమ్మ పడుతుంది. వ్యాన్‌లోంచి దింపి దుకాణంలో వెంటనే ఆన్ చేయకూడదు, కనీసం గంటసేపు మూత తీసి ఉంచాలి.

ర్యామ్ పని త్వరగా తేలుతుంది. పీకి, కాంటాక్టులు ఆల్కహాల్‌తో తుడిచి, రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కాలి. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి నడపాలి. బయాస్‌లో (విండోస్‌కు ముందు వచ్చే సెట్టింగుల తెరలో) ర్యామ్‌ను మామూలుకంటే వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీ పెట్టి ఉంటే తీసేయాలి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ రాత్రంతా నడిపితే ఒక్క తప్పు కూడా రాకూడదు. ఎవరూ పట్టించుకోని భాగం ముందున్న రీసెట్ బటన్: లోపల ఇరుక్కుపోతే యంత్రం అంతులేకుండా రీస్టార్ట్ అవుతుంది. బోర్డు మీద రీసెట్ వైరు పీకేసి చూడండి, పైసా ఖర్చు లేదు. ముందరి యూఎస్‌బీ పోర్టులో వంగిన పిన్ను లోహానికి తగిలినా ఇలాగే జరుగుతుంది.

ఇంతవరకూ ఏదీ దొరకకపోతేనే విండోస్ దగ్గరికి రావాలి. 1074 కనిపిస్తే అప్‌డేట్ల యాక్టివ్ అవర్స్‌ను (అప్‌డేట్ కోసం రీస్టార్ట్ కాకూడని వేళలను) దుకాణం వేళలకు మార్చాలి, 18 గంటల దాకా పెట్టవచ్చు. ఫలానా డ్రైవర్ ఎక్కించాక మొదలైతే దాన్ని వెనక్కి తీయాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దుకాణదారుకు ఆ మాట చెప్పాలి, కానీ రీస్టార్ట్‌కు కారణం అదేనని అంటగట్టి కొత్త సిస్టమ్ అమ్మకూడదు.

ఫార్మాట్ తప్పనిసరైతే ముందు బ్యాకప్, అదీ వాళ్ల డిస్కులోకే. టైపింగ్ సెంటర్ కంప్యూటర్‌లో వందలమంది పాస్‌పోర్టులు, ఎమిరేట్స్ ఐడీల స్కాన్లు ఉంటాయి. వాటిని మన పెన్‌డ్రైవ్‌లో మిగిల్చుకోవడం ప్రమాదం. ఎమిరేట్స్‌లో 2021 నాటి 34వ నంబరు సైబర్ నేరాల చట్టం అనుమతి లేకుండా ఇతరుల డేటా తీసుకోవడాన్ని నేరంగా చూస్తుంది, వలస కార్మికుడికి అది ఉద్యోగంతో పోయే కేసు కాదు. బ్యాకప్ అయ్యాక వాళ్లచేతే ఫైళ్లు తెరిపించి, జాబ్‌షీట్ మీద సంతకం తీసుకోవాలి. మార్చిన పార్టు పేరు, పాతది తిరిగిచ్చినట్టు, కొలిచిన వోల్టేజీలు కూడా అందులోనే రాయాలి. ఆ కాగితం లేనప్పుడు ‘ఫైల్ పోయింది’ అన్న ఒక్క మాటకు జీతంలో కోత పడుతుంది. సెలవు రోజున సొంతంగా రిపేర్లకు వెళ్లాలనుకునేవాళ్లు ముందు పార్ట్‌టైమ్ వర్క్ పర్మిట్ సంగతి చూసుకోవాలి. వీసా ఒక యజమాని కింద ఉండగా అనుమతి లేకుండా వేరేచోట డబ్బు తీసుకుని పనిచేయడం అక్కడ చట్టవిరుద్ధం.

వాడిన డెస్క్‌టాప్‌ను చవగ్గా కొని కార్గోలో జగిత్యాలకో, రాజోలుకో పంపేవాళ్లు చాలామంది. ఎమిరేట్స్ కరెంటు మన దేశంలోలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, దానితో పేచీ లేదు. సౌదీలో 60 హెర్ట్జ్, కంప్యూటర్ సప్లైకి అదీ పట్టదు. చూడాల్సింది పాత సప్లైల వెనుక 115, 230 అని ఉండే చిన్న ఎర్ర స్విచ్. సౌదీ పాత ఇళ్లలోని 127 వోల్టుల లైను మీదో, అమెరికాలోనో 115 మీద నడిచిన యంత్రాన్ని స్విచ్ మార్చకుండా మన ఊళ్లో తగిలిస్తే ఆన్ చేయగానే పేలుతుంది. చదరపు పిన్నుల ప్లగ్గుకు కన్వర్టర్ పెట్టే బదులు మన గుండ్రటి మూడు పిన్నుల కార్డు ఊళ్లోనే కొనిపించాలి. లేకపోతే వదులు కాంటాక్టు, దానితో రీస్టార్టులు ఇంటిదాకా వెళ్తాయి. ప్యాక్ చేసేముందు గ్రాఫిక్స్ కార్డును, బరువైన కూలర్‌ను తీసి విడిగా చుట్టాలి. ఊళ్లో ఎవరైనా తెలిసినవాళ్లు వాటిని బిగించి, ర్యామ్‌ను, 24 పిన్ల కనెక్టర్‌ను, ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్ల కనెక్టర్‌ను మరోసారి నొక్కి చూశాకే స్విచ్ వేయమని ఇంటికి ఫోన్‌లో చెప్పాలి.