మూడు రోజులు, ఒక్కటే గుడి

రిపబ్లిక్ డే ఈసారి సోమవారం వచ్చింది. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి క్యాలెండర్ చూసుకుని నవంబరులోనే ఫోన్ చేసింది. "నాన్నా, మూడు రోజులు అందరం ఎక్కడికైనా వెళ్దాం. సముద్రం ఉండాలి, జనం ఉండకూడదు." చెన్నైలో ఉండేవాడికి సముద్రానికేం కొదవ అనకండి. ఆదివారం సాయంత్రం మెరీనాలో నీళ్ళు కనపడాలంటే ముందు బజ్జీల కొట్లు దాటాలి, తర్వాత గుర్రాలను తప్పించుకోవాలి.

మహాబలిపురం, పుదుచ్చేరి మొదటి నిమిషంలోనే పోయాయి. సెలవులు కలిసొస్తే సగం బెంగళూరు అక్కడే ఉంటుంది. అల్లుడిది బాపట్ల కాబట్టి సూర్యలంక అన్నాడు. సంక్రాంతికి ఎలాగూ అక్కడికే వెళ్తున్నాం, పది రోజుల్లో మళ్ళీ అదే ఊరా అని అమ్మాయే కొట్టేసింది. అప్పుడు నేను తరంగంబాడి అన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

నాకు తెలుసు. విల్లివాక్కం పక్కన, రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో, ఫర్నిషింగ్ డివిజన్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నాతో పనిచేసిన మాయవరం (ఇప్పటి మయిలాడుదురై) స్నేహితుడి కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు ఈ ఊరు చూశాను. చెన్నైకి దక్షిణాన దాదాపు 280 కిలోమీటర్లు, కారైకాల్‌కి కాస్త ఇవతల. 1620లో డెన్మార్క్ వాళ్ళు వచ్చి కోట కట్టుకున్నారు. స్థలం ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. మన తెలుగు రాజే, స్వయంగా కవి. 1845లో డేన్‌లు ఊరిని ఇంగ్లీషువాళ్ళకు అమ్మేసి వెళ్ళిపోయారు. ఊరి మొగలో ఒక పాత తెల్లటి ద్వారం, అక్కణ్ణుంచి కోట దాకా ఒక తిన్నని వీధి, ఆ వీధిలో రెండు పాత చర్చిలు, చివర సముద్రం. అరగంట నడిస్తే ఊరు అయిపోతుంది. నాకు నచ్చింది అదే. అరగంటలో చూడటం అయిపోతే, మిగతా టైమంతా కూర్చోవచ్చు.

కానీ కూర్చోవడం అనేది మా ఆవిడ లెక్కలో కార్యక్రమం కాదు. మాయవరం అన్న మాట చెవిన పడగానే పాత డైరీ తీసింది. నవగ్రహ క్షేత్రాలన్నీ ఆ చుట్టుపక్కలే కదా! శనికి తిరునల్లార్, కేతువుకి కీళపెరుంబళ్ళం, బుధుడికి తిరువెంకాడు, కుజుడికి వైదీశ్వరన్ కోయిల్. కాస్త కుంభకోణం వైపు జరిగితే సూర్యుడు, శుక్రుడు, గురువు, రాహువు కూడా అయిపోతారు. "అంత దూరం వెళ్ళి దణ్ణం పెట్టుకోకుండా ఎలా వస్తామండీ?" అంది. ఈ "అంత దూరం వెళ్ళి" ఉందే, దాని దెబ్బకి ఎన్ని ప్రయాణాలు పాడయ్యాయో లెక్కలేదు. విశ్రాంతికని బయల్దేరిన మనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేచి లాడ్జి బాత్రూమ్ ముందు వంతు కోసం నిలబడతాడు. సాయంత్రానికి ఏ గుడిలో ఏ ప్రసాదం తిన్నాడో గుర్తుండదు. మాకు తెలిసినవాళ్ళు ఒకే రోజులో తొమ్మిదీ చుట్టేసి వచ్చారు. ఏం చూశారంటే వ్యాను చూశాం అన్నారు.

రెండు వారాలు చర్చలు నడిచాయి. చివరికి ఒక్క గుడికి ఒప్పందం కుదిరింది: తిరుక్కడయూర్. మాయవరం నుంచి తరంగంబాడి వెళ్ళే దారిలోనే ఉంది. యముడి నుంచి మార్కండేయుణ్ణి శివుడు కాపాడిన చోటు. షష్టిపూర్తులకూ సహస్ర చంద్ర దర్శనాలకూ ఎక్కడెక్కడివాళ్ళో అక్కడికి వస్తారు. నా షష్టిపూర్తి 2020లో కరోనాకి కొట్టుకుపోయింది. ఆ బాకీ ఆమె మనసులో అలాగే ఉంది. ఇప్పుడైనా ఏదో ఒక శాంతి చేయిద్దాం అంది. డెబ్బైకి భీమరథ శాంతి ఎలాగూ ఉంది, అప్పటిదాకా అర్చనతో సరిపెట్టుకుందాం అన్నాను.

ఇక రైలు. కారులో అయితే ఎక్కడైనా ఆగొచ్చు అని అల్లుడు. అదే నా భయం, ఎక్కడైనా ఆగుతారు. పైగా నాకూ మా ఆవిడకూ రైల్వే పాస్ ఉంది. పాస్ ఉన్నవాణ్ణి పెట్రోలు పోయించుకుని రమ్మనడం అన్యాయం. బెంగళూరు వాళ్ళకు మైసూరు నుంచి వచ్చే రైలుంది. రాత్రి పడుకుంటే సేలం, తిరుచ్చి, కుంభకోణం మీదుగా పొద్దున్నే మాయవరంలో దింపుతుంది. మాకు ఎగ్మూరు నుంచి పగటిపూట చోళన్ ఎక్స్‌ప్రెస్. పగటి రైల్లో విల్లుపురం దాటాక కిటికీ పక్కన కూర్చోవడం కోసమే ఆ దారిలో వెళ్ళొచ్చు. జనవరిలో కొళ్ళిడం దగ్గర పొలాలు చూడాలి. కాకపోతే చోళన్ మధ్యాహ్నానికి చేరుతుంది. అదే రోజు ఎక్కితే పిల్లలు ప్లాట్‌ఫారమ్ మీద పొద్దంతా మా కోసం కూర్చోవాలి. అందుకని మేం ముందురోజు, శుక్రవారమే వెళ్ళి, మాయవరంలో ఆ స్నేహితుడి ఇంట్లో పడుకునేట్టు ఏర్పాటు చేశాను.

మా ఆవిడ వెంటనే పట్టుకుంది. "ఒక్క గుడి అన్నది మూడు రోజుల లెక్క. శుక్రవారం అందులో లేదు." కాబట్టి శుక్రవారం సాయంత్రం వైదీశ్వరన్ కోయిల్. లాజిక్‌లో తప్పు దొరకలేదు.

ఒకప్పుడు మాయవరం నుంచి తరంగంబాడి దాకా మీటర్‌గేజ్ లైను ఉండేది. 1980లలో మూసేశారు. అది ఉండి ఉంటే స్టేషన్ బయట వ్యానుల బేరం తప్పేది. రైల్వేవాడి బాధ రైల్వేవాడిదే, మీరు దాటేయండి.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకు 120 ఉండేది. మాలాంటివాళ్ళకు 60 మేలు. నాలుగు నెలల ముందు అల్లుడికి సెలవు దొరుకుతుందో లేదో ఆయన మేనేజర్‌కే తెలియదు. తెరిచిన రోజు ఎనిమిదింటికి అమ్మాయి అక్కడ, నేను ఇక్కడ ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. వెళ్ళేటప్పటివి దొరికాయి. వాళ్ళ తిరుగు టికెట్లు వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నాయి. అమ్మాయికి అదే టెన్షన్, మంగళవారం అల్లుడు ఆఫీసులో ఉండాలి.

గదుల కోసం రెండు మూడు చోట్ల అడిగాను. సముద్రానికి ఎదురుగా పాత బంగళాలను హోటళ్ళుగా మార్చారు, చాలా బాగుంటాయి, రేటు కూడా అంతే బాగుంటుంది. పైగా మా ఆవిడ మోకాళ్ళకు మేడ మెట్లు పడవు. వీధి లోపలికి ఒక చిన్న చోట కింద గదులు రెండు దొరికాయి. అక్కడ కుదరకపోతే కారైకాల్‌లో చూసుకుందాం అని ఎవరైనా అంటే నమ్మకండి. తిరునల్లార్ పక్కనే కాబట్టి శనివారం అక్కడ గది దొరకడం కష్టం.

సముద్రం గురించి పిల్లలకు రెండు విషయాలు ముందే చెప్పాను. ఒకటి, ఇక్కడ సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, నీళ్ళలోకి దిగడు. గోకర్ణంలో చూసిన సూర్యాస్తమయం మా మనవరాలి మనసులో ఉంది. దానికోసం సాయంత్రం తరంగంబాడి ఒడ్డున నిలబడితే వెనక ఊరి పెంకుటిళ్ళే దొరుకుతాయి. రెండు, మడమలు తడవడం వరకే. ఈ తీరంలో అలలు లాగేస్తాయి, ఈత కొట్టే చోటు కాదు. మా ఆవిడకు ఆ రెండోదాని కన్నా 2004 డిసెంబర్ 26 ఎక్కువ గుర్తు. ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో అలమరలో గిన్నెలు కదిలాయని ఇప్పటికీ చెబుతుంది. సునామీ ఆ జిల్లాను ఎంత దెబ్బ కొట్టిందో ఆమెకు తెలుసు. ఆ ఒడ్డునే పాండ్యుల నాటి మాసిలామణి నాథుడి గుడి ఉంది, దాన్ని సముద్రం ఎప్పటినుంచో కొంచెం కొంచెం కొరుక్కు తింటూ ఉంది. ఈ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. భయపడుతుందని కాదు, అది రెండో గుడి అవుతుంది.

మనవడికి ఐదో క్లాసు, చరిత్ర అంటే ఆవలింత. వాడికోసం ఒక్కటి దాచాను. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1740లలో జర్మనీలోని హాలేలో వచ్చాయి. వాటిని వేయించిన బెంజమిన్ షుల్జ్ 1719లో ఈ తరంగంబాడిలోనే దిగాడు, తర్వాత మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. ఇంట్లో మాట్లాడటమే తప్ప తెలుగు చదవడం రాని మా వాడికి ఈ కథ చెప్పి, ఆ మూడు రోజుల్లో అ ఆలు ఇసుకలో రాయించాలని నా ప్లాను. వాడి ప్లాను కోట మీద ఫిరంగులు.

తిండికి పెద్దగా ఆలోచించలేదు. అల్లుడికి చేపలు దొరుకుతాయి. మాకు పులిహోర, కందిపొడి, పెరుగు ఉంటే చాలు, మొదటి రెండూ ఇంటి నుంచే వస్తాయి.

మిగిలింది వ్యాను. నిన్న మాయవరం డ్రైవరుతో మాట్లాడాను. స్టేషన్ నుంచి తిరుక్కడయూర్, అక్కణ్ణుంచి తరంగంబాడి, సోమవారం సాయంత్రం తిరిగి స్టేషన్. రేటు కుదిరింది. పెట్టేయబోతుంటే, "సార్, తిరునల్లార్ కూడా కలిపేయమంటారా? శనివారం అయితే జనం, ఆదివారం పొద్దున్నే వెళ్తే గంటలో దర్శనం" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఆవిడ పక్కనే బెండకాయలు తరుగుతోంది. చర్చలు మళ్ళీ మొదలయ్యాయి.