రాతి తలుపు వెనకాల

బయట ఎండ దంచేస్తోంది, 27 మీటర్ల లోతుకి మెట్లు దిగేసరికి ఒకటే చలి, చున్నీ చెవులకి చుట్టుకుని నిలబడ్డా. బీజింగ్ దగ్గర మింగ్ రాజుల సమాధుల్లో ఒకటైన డింగ్‌లింగ్, వాన్‌లీ చక్రవర్తిది.

నన్ను కట్టిపడేసింది మాత్రం రాతి తలుపు. అప్పట్లో బయటికి వస్తూ తలుపు లాగితే, లోపల ఏటవాలుగా ఆనించిన రాతి పలక జారొచ్చి దానంతటదే గడియ పడిపోయేదట. 1957లో తవ్వినవాళ్లు సందులోంచి వంచిన ఇనుప తీగ దూర్చి, ఆ పలకని నిలబెట్టి తెరిచారు. మా ఇంట్లో బాత్రూమ్ గడియ పడిపోతే మేం చేసే పనే!

లోపల ఎర్ర పెట్టెలున్నాయి, అన్నీ నకళ్లే. అసలు శవపేటికల్ని తవ్వకాల తర్వాత పారేశారట, ఎముకల్ని 1966లో రెడ్ గార్డులు, అంటే మావో అనుచరులైన కుర్రాళ్ల దళాలు, తగలబెట్టారు. ఖాళీ గది. అయినా పాలరాతి సింహాసనం మీద జనం నోట్లు విసురుతూనే ఉన్నారు, మన గుళ్లో హుండీ దాకా వెళ్లే ఓపిక లేనివాళ్లలాగా.

నిన్న వెళ్లిన త్స్వాన్‌దీషియా మాత్రం ప్రాణమున్న ఊరు. కొండవాలు మీద పాత పెంకుటిళ్లు, చైనా లిపిలో ఊరి పేరు రాస్తే మొదటి అక్షరానికే 30 గీతలు. అర్థమేంటా అని చూస్తే, పొయ్యి!

ఒక ముసలావిడ వాకిట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. ఫోటో తీయనా అని సైగ చేస్తే, పక్కనున్న పీట చూపించింది.