దగ్గు నాది, జబ్బు ఇంటిది

నాకు వచ్చిన జబ్బు పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. మా అత్తమ్మ ఇప్పటికీ "ఆ హైపర్ జబ్బు" అనే అంటారు. పేరు కొత్తగా ఉంది కదా అని అరుదైనదేమీ కాదు. ఊపిరితిత్తుల లోపలి కణజాలం దెబ్బతినే రకం జబ్బులున్న 1,084 మంది వివరాలతో మన దేశంలో చేసిన ఒక రిజిస్ట్రీ అధ్యయనం 2017లో వెలువడింది. వాళ్ళలో దాదాపు సగం మందికి ఉన్నది ఇదే. ఈ సగంలోనూ మళ్ళీ దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ గాలిలో గడిపినవాళ్ళు.

మాది దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక పాత అపార్ట్‌మెంట్. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఆ ఏడు మార్చి హడావుడి ముగిసి ఎండలు ముదిరేసరికి పొడిదగ్గు పట్టుకుంది. కఫం లేదు, జలుబు లేదు. రాత్రి బాగానే పడుకునేదాన్ని. తెల్లవారుజామున చలి, ఒళ్ళు నొప్పులు, జ్వరం. మధ్యాహ్నానికల్లా జ్వరం దిగిపోయేది, దగ్గు మాత్రం పోయేది కాదు. మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చేది. జాకెట్లన్నీ వదులైపోయి, టైలర్ దగ్గర కుట్లు వేయించుకున్నాను.

మొదట యాంటీబయాటిక్స్ వాడాను. తర్వాత ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్ ఇచ్చారు. ఆ తర్వాత టీబీ ఏమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. పరీక్షలో టీబీ లేదని తేలింది. చుట్టాలు దిష్టి తీయించమన్నారు, అదీ అయింది.

ఇంతలో పెళ్ళికని నల్లగొండ దగ్గర మా ఊరు వెళ్ళి కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయాను. జ్వరం జాడే లేదు. "ఊరి గాలి పడింది బిడ్డా" అంది అమ్మ. హైదరాబాద్ తిరిగొచ్చిన మర్నాడే మళ్ళీ మొదలు. కొత్తగా చూపించుకున్న ఛెస్ట్ డాక్టరుకి ఈ సంగతి మాటవరసకి చెప్పాను. ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశారు. ఇంట్లో పావురాలున్నాయా, దూది దిండ్లా, గోడలకి చెమ్మ ఉందా, కూలర్ వాడతారా, ఆఫీసులో ఏసీ ఎలాంటిదని వరసగా అడిగారు. "ఒకసారి కూలర్ విప్పి ఫొటో తీసి పంపండమ్మా" అన్నారు.

మా ఆయన కూలర్ వెనక తలుపు ఊడదీశాడు. ప్యాడ్ల గడ్డి మీద బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా పెచ్చుకట్టింది, దాని నడుమ మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. ట్యాంకు అడుగున వేలికి జారే ఆకుపచ్చ జిగురు. రాత్రంతా నా మంచం మీదికి గాలి వచ్చింది దీని గుండానే.

ఇది ఇన్ఫెక్షన్ కాదని డాక్టరు గారు వివరించారు. ఫంగస్ నుంచి లేచే సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరతాయి. కొందరి ఒంట్లో రక్షణ వ్యవస్థ వాటిమీద అతిగా విరుచుకుపడుతుంది. పీల్చిన కొన్ని గంటలకి జ్వరం రావడం అందుకే. అలాగే పీలుస్తూ పోతే లోపల మచ్చలు కట్టి గట్టిపడుతుంది, అది మళ్ళీ మామూలవదు. సీటీ స్కాన్‌లో రెండు వైపులా మసక మసకగా కనిపించింది. గాలి నుంచి రక్తంలోకి ఆక్సిజన్ ఎంత బాగా చేరగలదో అంచనా వేసే డీఎల్‌సీఓ పరీక్షలో ఉండాల్సినదానిలో సగానికి కాస్త పైన వచ్చింది. సన్నని గొట్టం పంపి ఊపిరితిత్తుల లోపల చూసే బ్రాంకోస్కోపీ కూడా చేసి ఖాయం చేశారు.

కూలర్ ఆ రోజే బయటికి పోయింది. కానీ పడకగది గోడకి చెమ్మ, అల్మరా వెనక ఫంగస్ బూజు ఉన్నాయి. అవి అలాగే ఉంటే మందులు వాడి లాభం లేదన్నారు డాక్టరు గారు. అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

మొదట వచ్చినతను గోడని రెండుసార్లు తట్టి, డ్యాంప్ ప్రూఫ్ రంగు రెండు పూతలు వేస్తే చాలన్నాడు. తర్వాతి వాళ్ళు ఓ పెట్టెతో వచ్చి గాలి పరీక్ష చేశారు, ఎర్ర అంకెల రిపోర్టు చేతిలో పెట్టారు, ఓజోన్ వదిలే ప్యూరిఫయర్ కొనమన్నారు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేసేదే, ఆ వంక చూడొద్దన్నారు. బూజు కంటికి కనబడుతుంటే దాన్ని పరీక్షించడానికి డబ్బులు పోయడం దండగ, పైగా ఇంతవరకు ఉంటే క్షేమం అని అందరూ ఒప్పుకున్న అంకె ఏదీ లేదు.

చివరికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక సివిల్ ఇంజనీరు గారు దొరికారు. చూడ్డానికి వచ్చినందుకే ఫీజు అంటే మా ఆయన గొణిగాడు. నాకు మాత్రం అక్కడే నమ్మకం కుదిరింది, ఎందుకంటే ఆయనకి అమ్మాల్సిన రంగూ లేదు, డబ్బా లేదు. మాయిశ్చర్ మీటర్‌తో గోడంతా అడుగడుగునా చూసి, పెన్సిల్‌తో గోడ మీదే అంకెలు వేశారు. పైకి వెళ్ళేకొద్దీ అంకెలు పెరిగాయి. పై ఫ్లోర్ వాళ్ళ బాత్రూంలో నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్ మూసి రంగు నీళ్ళు నిలబెట్టించారు. మర్నాటికి మా సీలింగ్ మూలన లేత ఎరుపు మరక. "ముందు పైన ట్రాప్ చుట్టూ రిపేరు చేయాలమ్మా. మీ గోడ సంగతి అది ఆరాక" అన్నారు. పని వేరే మేస్త్రీ చేశాడు, ఈయన వచ్చి సరిచూశారు. టెక్సాస్‌లో బూజుని పరీక్షించేవాళ్ళూ దాన్ని తీసేవాళ్ళూ ఒకే పనికి ఒకరే కాకూడదని చట్టమే ఉందని డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు చెప్పాడు. మనకి అలాంటిది లేదు, మనమే చూసుకోవాలి.

పని జరిగినన్నాళ్ళూ అక్క వాళ్ళింట్లో ఉన్నాను. గది గుమ్మానికి ప్లాస్టిక్ షీట్ కట్టి, పెచ్చులు తడిపి మరీ కొట్టారు, పొడిగా గీకితే ఆ దుమ్మంతా ఇల్లంతా పాకేది. ప్లైవుడ్ అల్మరా పారేశాం. అత్తమ్మ బొంతలు పారేసేటప్పుడు మాత్రం చిన్న యుద్ధమే అయింది.

ఆఫీసు కూడా బాగుపడింది. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలి తేదు. ఆడిటర్ గారు పిలిపించిన ఏసీ ఇంజనీరు మీటర్ పెడితే సాయంత్రానికి కార్బన్ డయాక్సైడ్ 1,800 పీపీఎం దాటింది. బయట 400 పైచిలుకే. అది నా జబ్బుకి కారణం కాకపోయినా, అందరికీ సాయంత్రం తలనొప్పి ఎందుకో అంతుబట్టింది. ఇప్పుడు బయటి గాలి వచ్చే ఏర్పాటు చేశారు.

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మందు నెలల తరబడి వాడాను. దగ్గు తగ్గింది కానీ నిద్ర పోయింది, ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది, అర్ధరాత్రి లేచి పెరుగన్నం తినేంత ఆకలి. ఉన్నట్టుండి ఆపకూడదు కాబట్టి డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు. ఇప్పుడు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. డీఎల్‌సీఓ చాలావరకు కోలుకుంది. ఊపిరితిత్తుల కింది భాగాన చిన్న మచ్చలు మిగిలాయి. అవి పోవు, పెరగకుండా చూసుకోవాలి, అందుకే ఆరు నెలలకోసారి పరీక్షకి వెళ్తున్నాను.

రిపేరు ఖర్చులో పై ఫ్లోర్ వాళ్ళ వాటా ఇంకా రాలేదు. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగులో మళ్ళీ ఎత్తుతాను, ఇంజనీరు గారి రిపోర్టు నా దగ్గరే ఉంది.